గ్రీష్మ వర్ణనలో కానరాని ఉక్క

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుగువారి సామెత. మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం వరకు సాగే ఆ పక్షం రోజుల తీవ్రతను ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. అయితే ఈ సామెతలోని వేడి పొడి వేడి. రాయి పగలాలంటే గాలిలో తడి ఉండకూడదు. బందరులోనో కాకినాడలోనో రోహిణి కార్తెలో రోలు పగలదు. రోటి పక్కన గిన్నెలో పోసి ఉంచిన ఉప్పు నీరు కారుతుంది. ఆ నీరు కారిన ఉప్పు మీద మనకు సామెత లేదు. ఈ చిన్న లోపం సామెతలకే పరిమితమైనది కాదనీ, మన కావ్య సంప్రదాయం పొడుగునా ఉన్నదనీ, దాని ఫలితం సాహిత్యాన్ని దాటి మరెక్కడికో పోయిందనీ చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

భాషలో మాట లేదని కాదు. ఎండ, సెగ, వడ, ఉడుకు, ఉక్క అనేవి తెలుగులో వేరు వేరు అనుభవాలు. ఎండ కంటికి కనబడుతుంది. వడ గాలితో వచ్చి తగులుతుంది. ఉక్క కనబడదు, తగలదు, అది పోస్తుంది. ఉక్కపోత అనే సమాసంలో ఎంత శాస్త్రముందో గమనించాలి. మనిషి శరీరం చెమట పోసి, ఆ చెమట ఆవిరైనప్పుడు చల్లబడుతుంది. గాలి అప్పటికే తడితో నిండి ఉంటే చెమట పోస్తుంది గాని ఆరదు. శరీరం తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఫలితం ఉండదు. తీరప్రాంతాల భాషలన్నిటిలోనూ ఈ స్థితికి ఇంటి మాటలున్నాయి. తమిళులు పుళుక్కం అంటారు; ఉడికించడమనే అర్థమున్న ధాతువు అది, ఉప్పుడు బియ్యం పేరులోనూ అదే ఉంది. కన్నడ తీరంలో సెకె, బెంగాలీలో భాప్సా, హిందీలో ఉమస్. ఈ చివరి మాటకు మూలమైన సంస్కృత శబ్దం ఊష్మ వేడినీ ఆవిరినీ చెబుతుంది. మన విద్యార్థులకు మాత్రం అది శషసహలకు వ్యాకరణం పెట్టిన పేరుగానే పరిచయం. ఇవన్నీ వంటింటిలో, వసారాలో, బస్సులో పలికే మాటలు. కవులు వీటిని కావ్యంలోకి పిలిచిన సందర్భాలు అరుదు.

ఋతుసంహారం గ్రీష్మంతోనే మొదలవుతుంది. వసంతంతో ముగిసే ఆ కావ్యానికి వేసవిని మొదటి సర్గగా ఎంచుకోవడమే ఒక సాహసం. అందులోని జంతు చిత్రాలు అందరికీ తెలిసినవే. ఎండకు తాళలేని పాము తన శత్రువైన నెమలి పింఛం నీడకు చేరుతుంది. ఆ పాము పడగ నీడన కప్ప కూర్చుంటుంది. దాహంతో నోరు తెరిచిన సింహం పక్కనున్న ఏనుగును పట్టించుకోదు. వేడి జాతివైరాన్ని మరిపించిందని కవి చూపుతున్నాడు. ఇంతటి చూపున్న కవి వర్ణించినదంతా ఎండిన చెరువు, ఎగిరే దుమ్ము, దావాగ్ని. చెమట ఒకచోట వస్తుంది, రాకపోలేదు. చెమర్చిన స్త్రీలు బరువైన వస్త్రాలను విడిచి పలుచనివి ధరిస్తారు. అంటే అక్కడ చెమట వస్త్రం మార్చుకోవడానికి నిమిత్తం, అది శృంగారానికి ద్వారం.

ఇక్కడ అలంకారశాస్త్రం సంగతి కొంత చెప్పక తప్పదు. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో స్వేదం ఒకటి. దానికి కారణాలను చెబుతూ నాట్యశాస్త్రం క్రోధ భయ హర్ష లజ్జలతో పాటు శ్రమను, రోగాన్ని, ఎండవేడిమిని కూడా చేర్చింది. దాన్ని అభినయించే పద్ధతిలో విసనకర్ర చేతబట్టడం, చెమట తుడుచుకోవడం, గాలి కోసం పరితపించడం ఉన్నాయి. శాస్త్రకారుడి జాబితా ఇంత విశాలంగా ఉంటే ఆచరణలో కవులు దాన్ని ఎంత ఇరుకు చేశారో చూడండి. మన ప్రబంధాలలో నాయిక నుదుట పొడిచిన చెమట బిందువు నూటికి తొంభై పాళ్ళు ప్రియుని చూపువల్ల పొడిచినదే. అది మంచి ముత్యం, మల్లెమొగ్గ, మంచు బిందువు అవుతుంది. చొక్కా వీపుకు అంటుకునే చెమట ఎన్నడూ కాదు. భరతుడు ఇచ్చిన కారణాల్లోంచి రోగాన్నీ ఎండవేడిమినీ మన రసికత మెల్లగా జారవిడిచింది.

తమిళ సంగ కావ్యశాస్త్రం భూమిని అయిదు తిణైలుగా విభజించి ప్రతిదానికీ ఒక భావాన్ని, కాలాన్ని కేటాయించింది. వేసవి, మిట్టమధ్యాహ్నం పాలైకి, అంటే నీరింకిన బీడు దారులకు పోయాయి. అక్కడి భావం ఎడబాటు. సముద్రతీరమైన నెయ్‌దల్‌కు దక్కినది నిరీక్షణ, దుఃఖం. ఋతువుల్లో ప్రత్యేకంగా ఒకటంటూ దానికి లేదు. ఇంత సూక్ష్మమైన విభజనలో కూడా తీరానికి తనదైన వేసవి లేకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ కవులకు కోరమండల తీరం తెలియనిది కాదు.

వేసవిలో మనిషిని చూడదలచినప్పుడు మన సాహిత్యం ఇద్దరినే చూసింది. ఒకరు చందనం పూసుకుని ధారాగృహంలో కూర్చున్న భోగి. రెండవవాడు దారిన పోయే పాంథుడు. హాలుని గాథాసప్తశతిలో చలిపందిరి దగ్గరి గాథ ప్రసిద్ధం. బాటసారి దోసిలి పట్టి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోనిస్తూ ఆ పిల్లనే చూస్తుంటాడు. ఆమె కూడా ధారను సన్నగిలజేస్తూ పోతుంది. ఇద్దరూ కాలాన్ని పొడిగించుకుంటున్నారు. దక్కను ఎండలో పుట్టిన ఆ రెండు పాదాల కంటె మానవీయమైన వేసవి చిత్రం ప్రాకృతంలో మరొకటి ఉన్నదా అన్నది నా సందేహం. అయినా అది కూడా బాటసారి కథే.

ఈ పాంథుడి మీది శ్రద్ధ కావ్యాలకు మాత్రమే పరిమితం కాదు, రాజ్యాలకూ ఉండేది. అశోకుడు ఏడవ స్తంభశాసనంలో దారుల వెంట మనుషులకు, పశువులకు నీడ కోసం మర్రిచెట్లు నాటించాననీ, మామిడి తోపులు వేయించాననీ, బావులు తవ్వించాననీ, నీటి పందిళ్ళు ఏర్పరచాననీ చెప్పుకున్నాడు. వేసవి తాపం నుంచి ప్రజలను కాపాడడం రాజధర్మమని రాతి మీద చెక్కిన తొలి పత్రాలలో ఇదొకటి. కానీ నీడైనా నీరైనా దారి మీదనే. ఇంట్లో ఉన్నవాడికి ఇల్లే నీడ కదా అన్నది ఆ కాలపు ఊహ. మట్టి గోడలు, తాటాకు కప్పు ఉన్న రోజుల్లో ఆ ఊహ తప్పు కూడా కాదు.

చల్లబరచుకునే సాధనాల చరిత్ర చూసినా పొడి ప్రాంతాలదే పైచేయి. హిందుస్థానంలో తమను బాధించినవి ఎండ, పెనుగాలి, దుమ్ము అని బాబరు తన ఆత్మకథలో రాసుకుని, మూడింటికీ విరుగుడు స్నానగృహమేనన్నాడు. వానాకాలపు గాలి హాయిగా ఉంటుందని మెచ్చుకుంటూనే, ఆ తేమకు విల్లులు పాడవుతాయనీ, కవచాలు, పుస్తకాలు, బట్టలు చెడతాయనీ ఫిర్యాదు చేశాడు. తేమ వస్తువులను ఏం చేస్తుందో అంత శ్రద్ధగా గమనించిన ఆ పాదుషా, అది మనిషి ఒంటికి ఏం చేస్తుందో చెప్పలేదు. అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో సురేకారంతో నీటిని చల్లబరిచే విధానాన్ని, వట్టివేళ్ళ తడకలను గుమ్మాలకు కట్టి నీళ్ళు చల్లే అలవాటును వివరించాడు. ఈ తడకే తరువాత హైదరాబాదు దేవిడీల దాకా వచ్చింది. నేటి గడ్డి మెత్తల కూలరు దానికి మనుమడు. వీటన్నిటి పనితీరు ఒక్కటే: నీరు ఆవిరి కావాలి. గాలిలో తడికి చోటు లేనప్పుడు ఈ సాధనాలు గదికి మరింత ఉక్కను చేరుస్తాయి. కోస్తా ఇళ్ళలో కూలరు కొన్నవారెవరికీ ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

తీరానికి చరిత్రలో స్థానం దొరకలేదా అంటే, దొరికింది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం గాలివానకు చెదిరి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకుకు రక్షణ ఇచ్చింది. ఏడు శతాబ్దాల తరువాత పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ ప్రజల జ్ఞాపకంలో తేదీతో సహా నిలిచి ఉంది. గాలివానకు శాసనముంది, కథ ఉంది, తిథి ఉంది. అది చెట్లను కూలుస్తుంది, కప్పులను లేపుతుంది, కాబట్టి దానికి సాక్ష్యం మిగులుతుంది. ఉక్క ఏదీ కూల్చదు.

ఈ విషయం ఇంత పట్టుగా రాయడానికి ఒక స్వంత కారణం ఉంది. 2019 జూన్‌లో నేను కృష్ణా డెల్టా చివరి మండలాల్లో ఒకదానిలో తహసీల్దారుగా పనిచేస్తున్నాను. ఆ ఏడు నైఋతి ఋతుపవనం కేరళ తీరాన్ని తాకినదే జూన్ 8న. మాకు చినుకు రావడానికి ఇంకా ఆలస్యమయింది. సముద్రపు గాలి స్తంభించిన ఒక రాత్రి, సిమెంటు రేకుల గదిలో ఒంటరిగా ఉంటున్న ఒక వృద్ధురాలు మరణించింది. వడదెబ్బ మరణాలను రెవిన్యూ, పోలీసు, వైద్య శాఖల అధికారులు ముగ్గురం కలిసి నిర్ధారించాలి. పరిహారం ఆ నిర్ధారణ మీదే ఆధారపడి ఉంటుంది. పొరుగువారిని అడిగాము. ఆమె మూడు రోజులుగా గడప దాటలేదన్నారు. ఎండలో తిరగలేదు. మరణం రాత్రి జరిగింది. ఆ వారం మండలంలో నమోదైన ఉష్ణోగ్రతలు హెచ్చరిక హద్దు దాటలేదు. వడ తగలలేదు కనుక వడదెబ్బ కాదని రాసి సంతకం చేశాను. మిగిలిన ఇద్దరూ చేశారు. పట్నం నుంచి వచ్చిన ఆమె కూతురు కార్యాలయం వరండాలో నన్ను ఆపి, “వడదెబ్బ కాకపోతే ఏ దెబ్బండీ?” అని అడిగింది. నాకు మాట దొరకలేదు. నిజానికి ఆ దరఖాస్తు ఫారంలోనూ ఆ మాట లేదు.

అధికార పరిభాషను తప్పుపట్టి ఊరుకోవడం సులువు. ఆ పరిభాష ఎక్కడి నుంచి వచ్చింది? ‘వడదెబ్బ’ అనే మాటలోనే వడ ఉంది, దెబ్బ ఉంది, బయట తిరిగే మనిషి ఉన్నాడు. అంటే మన ఫారం కూడా గాథాసప్తశతి పాంథుడినే చూస్తోంది. రెండు వేల ఏళ్ళుగా వేసవి బాధితుడంటే దారిన పోయేవాడని నేర్చుకున్న చూపు, గదిలో మంచం మీదున్న మనిషిని ఎలా గుర్తిస్తుంది? నేను చరిత్ర విద్యార్థిని గనుక ఆ రెండు వేల ఏళ్ళనూ నా సంతకానికి సాకుగా వాడుకుంటున్నానని ఎవరైనా అంటే కాదనను.

లెక్కల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరితే తప్ప వడగాలుల ప్రసక్తి లేదనీ, తీరప్రాంత కేంద్రాలలో 37 డిగ్రీలు ఉండి, అది సాధారణం కంటె 4.5 డిగ్రీలు ఎక్కువైనప్పుడు వడగాలిగా పరిగణించాలనీ వాతావరణ శాఖ ప్రమాణం. 2015 వేసవిలో దేశంలో రెండు వేలకు పైగా మరణాలు నమోదు కాగా అందులో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకం 35 డిగ్రీలు చూపే స్థితిలో ఆరోగ్యవంతుడైన మనిషి కూడా కొన్ని గంటలకు మించి నిలవలేడని 2010లో శాస్త్రజ్ఞులు సైద్ధాంతికంగా చెప్పారు; అసలు హద్దు అంతకంటె తక్కువేనని తరువాతి ప్రయోగాలు సూచించాయి. మామూలు ఉష్ణమాపకం చెప్పని సంగతిని తడిబట్ట చెబుతుంది. 2023లో వాతావరణ శాఖ తేమను కూడా లెక్కలోకి తీసుకునే ఉష్ణసూచికను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. శాస్త్రం ఉక్కను గుర్తించడం మొదలుపెట్టిందన్నమాట.

మరి ఆధునిక సాహిత్యం? అభ్యుదయ కవిత్వం చెమటకు కొత్త గౌరవం ఇచ్చింది. నాయిక నుదుటి మీది ముత్యాన్ని దించి, కష్టజీవి వెన్ను మీదికి తెచ్చింది. ఈ మార్పుకు ఆద్యుడైన శ్రీశ్రీ విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాడు. ఉక్క ఆయనకు వినికిడి సంగతి కాదు. కానీ ఆ కవిత్వంలో చెమట శ్రమకు చిహ్నం. భరతుని జాబితాలోంచి శ్రమ అనే కారణాన్ని తిరిగి తెచ్చుకున్నాము, సంతోషం. ఎండవేడిమి మాత్రం వెనకే ఉండిపోయింది. ఏ పనీ చేయకుండా, మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్న ముసలిదానికి పోసే చెమట దేనికి చిహ్నం? చిహ్నం కాలేనిది కవిత్వంలోకి రావడం కష్టమయింది. రాయలసీమ కథకులు కరువును నిశితంగా రాశారు, అదీ పొడి నేల బాధే. 1993లో వెలువడిన ‘నీలిమేఘాలు’ సంకలనం, దాని చుట్టూ వచ్చిన స్త్రీవాద కవిత్వం వంటింటిని కావ్యవస్తువుగా నిలబెట్టాయి. మే నెల మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడే స్త్రీ మొదటిసారి మనకు కనబడినది అక్కడే. ఆ కవిత్వానికి ముఖ్యమైనది బంధనం, అది సహజం. అయినా ఇంటి లోపలి వేడిని చూడగలిగే కిటికీ ఒకటి అక్కడ తెరుచుకుంది. ఆ కిటికీలోంచి తరువాతివారు మరింత చూసి ఉండవలసింది.

పాత సాహిత్యంలో ఇంటి లోపలి మనిషిని వేసవిలో నిజంగా చూసిన చోటు ఒకటి నాకు దొరికింది. అది ఆముక్తమాల్యద. రాయల గ్రీష్మ వర్ణన అనగానే విమర్శకులు ద్వితీయాశ్వాసం తీస్తారు. పాండ్యరాజు వేసవి రాత్రి భోగినీ గృహానికి బయలుదేరే ఘట్టం అది, గొప్ప వర్ణనే. నా దృష్టిలో అంతకంటె విలువైనది ప్రథమాశ్వాసంలో ఉంది. విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన భాగవతులకు వానాకాలంలో ఏమి పెట్టేవాడో, వేసవిలో ఏమి పెట్టేవాడో, చలికాలంలో ఏమి పెట్టేవాడో కవి ఒక్కొక్క పద్యంలో చెబుతాడు. వేసవి పద్యంలో ఉపమ లేదు, ఉత్ప్రేక్ష లేదు. ముందుగా ఒంటికి చందనం. పిదప నులివెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్ళు, పండ్లు, పరిమళం వేసిన చల్లని నీరు, ఊరవేసిన మామిడి పిందెలు, నీరుచల్ల.

ఈ పద్యాన్ని వంటకాల పట్టికగా చదివి మెచ్చుకోవడం ఆనవాయితీ. ఒక్కసారి దానిని చెమట కోణం నుంచి చదివితే మరో రూపం కనబడుతుంది. అన్నం పొగలు కక్కేది కాదు, నులివెచ్చనిది. అంబలి చిక్కనిది కాదు, పలుచనిది. చల్ల నీళ్ళు కలిపినది. పిందెల్లో ఉప్పు ఉంది. చెమటతో శరీరం పోగొట్టుకునే నీటినీ లవణాన్నీ వరుసగా తిరిగి చేరుస్తున్నాడు. కథ జరిగే శ్రీవిల్లిపుత్తూరు తీరం మీది ఊరు కాదు గనుక ఇది ఉక్కను గురించిన పద్యమని నేను వాదించను. కానీ వేసవి మనిషిని బాటలో కాక పీట మీద కూర్చోబెట్టి, అతనికి ఏమి కావాలో అడిగిన పద్యం ఇదే. రాయలు చక్రవర్తి గనుక ప్రజల తిండి తెలిసి ఉండాలని లేదు. అంబలి సంగతి తెలిసిన చక్రవర్తి కావడం మన అదృష్టం.

ఏటా మార్చి నెలలో కార్యాలయాల నుంచి గ్రామాలకు వేసవి జాగ్రత్తల కాగితం వెళుతుంది. నేను కూడా ఎన్నోసార్లు సంతకం చేసి పంపాను. మజ్జిగ తాగండి, కొబ్బరినీళ్ళు తాగండి, అంబలి తీసుకోండి, దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూ ఉండండి అని అందులో ఉంటుంది. చందనం ఒక్కటి తీసేస్తే అది రాయల పద్యమే. తేడా క్రియలో ఉంది. మా కాగితంలో అన్నీ ‘తాగండి’, ‘తీసుకోండి’. ఆ పద్యంలో క్రియ ‘పెట్టు’. విష్ణుచిత్తుడు పెడతాడు, అతిథులు తింటారు.

ఆ రేకుల గదిలో మేము రాసిన పంచనామా ప్రతి నా దగ్గర ఉంది. మంచం, దాని పక్కన తాటాకు విసనకర్ర, గూట్లో మందుల పొట్లం, మూలన నీళ్ళ కుండ. కుండ నిండుగా ఉన్నదని నా దస్తూరీతోనే ఉంది. మంచానికీ కుండకూ మధ్య ఎంత దూరమో ఆ రోజు కొలవలేదు. నాలుగడుగులు ఉంటుంది.